ఏసీ డక్ట్‌లో పరిమళం: కొల్లూరు వైపు ఒక విల్లాలో చేసిన పని, కేస్ స్టడీ

ఇల్లు హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన, కొల్లూరు వైపు ఒక గేటెడ్ కమ్యూనిటీలో ఉన్న డూప్లెక్స్ విల్లా. మొత్తం 3,600 చదరపు అడుగులు, నాలుగు బెడ్‌రూమ్‌లు. కింద లివింగ్, డైనింగ్, తలుపు లేని ఓపెన్ కిచెన్ మూడూ కలిసి ఒకే హాలు. దానికి ఫాల్స్ సీలింగ్‌లో దాచిన 4 టన్నుల డక్టెడ్ ఏసీ ఉంది. బెడ్‌రూమ్‌లలో దేని స్ప్లిట్ దానిదే, పైన లాంజ్‌కి ఒక క్యాసెట్, అంటే సీలింగ్‌లో ఇమిడిపోయే ఏసీ. వీటికి తోడు బిల్డర్ ఇచ్చిన ఈఆర్‌వీ (ఎనర్జీ రికవరీ వెంటిలేటర్) ఒకటి ఉంది. బయటికి పోయే చల్లగాలి, లోపలికి వచ్చే వేడిగాలి ఒకే కోర్‌లో పక్కపక్కనే వెళ్తూ వేడినీ తేమనీ మార్చుకునే పెట్టె అది. కిటికీలు తెరవకుండానే ఇంటికి తాజా గాలి వస్తుంది.

ఇంటాయన ఫోన్ చేసి అడిగింది ఒక్కటే. “స్టార్ హోటల్ లాబీలో అడుగుపెట్టగానే ఒక వాసన వస్తుంది కదండీ, అది మా ఇంట్లో ఏసీ గాలిలో రావాలి. మెషిన్ ఆన్‌లైన్‌లో చూసి పెట్టుకున్నాను. మీవాళ్ళు వచ్చి డక్ట్‌కి తగిలిస్తే చాలు.”

హోటళ్ళలో ఇది పాత పనే. వెస్టిన్ హోటళ్ళకి వైట్ టీ పరిమళం వాళ్ళ బోర్డు అంత గుర్తు. అయితే లాబీకి సీలింగ్ ఎత్తు, తలుపు తెరుచుకుంటూనే ఉంటుంది, అతిథి అక్కడ గడిపేది కాసేపు. ఇంట్లో మనుషులు అదే గాలిలో తింటారు, చదువుకుంటారు, నిద్రపోతారు. మోతాదు అక్కడిది ఇక్కడ పనికిరాదు. అందుకే డక్ట్‌కి రంధ్రం వేసే ముందు ఇంట్లో గాలి ఎటు నుంచి ఎటు పోతోందో చూడాలని, దానికి వేరే చార్జ్ అవుతుందని చెప్పాను. కొంచెం గునిసి ఒప్పుకున్నారు.

అసలు వాసన ఎక్కడిది

వెళ్ళాక ఇంటావిడ అసలు సంగతి చెప్పారు. “పొద్దున ఏమీ ఉండదండీ. సాయంత్రం వంట మొదలయ్యాక ఏదో డ్రైనేజీ వాసన. ప్లగ్‌లో పెట్టే ఫ్రెషనర్లు మూడు చోట్ల పెట్టాం, ఆ వాసనా ఈ వాసనా కలిసి ఇంకా ఘోరంగా ఉంది.”

ఏసీలో దుర్వాసన అనగానే కాయిల్ క్లీనింగ్ కెమికల్ పట్టుకుని వచ్చేవాళ్ళే ఎక్కువ. కాయిల్ మీద బ్యాక్టీరియా పొర పేరుకుంటే నిజంగానే మాసిన సాక్సుల కంపు వస్తుంది. కానీ అది ఏసీ వేసిన మొదటి కొన్ని నిమిషాల్లో గుప్పుమంటుంది. వంట వేళకే వచ్చే వాసనకి కారణం వంట దగ్గరే ఎక్కడో ఉండాలి. కిచెన్‌లో ఉన్నది చిమ్నీ.

ఆ చిమ్నీ లేబుల్ మీద గంటకు 1,200 ఘనపు మీటర్లు అని ఉంది. పైపుకి వంపులున్నాయి కాబట్టి సగమే లాగుతుందనుకున్నా 600. ఈఆర్‌వీ ఇచ్చేది 150 సీఎఫ్‌ఎం (నిమిషానికి ఘనపు అడుగులు), అంటే గంటకు 255 ఘనపు మీటర్లు. అందులోనూ అంతే గాలిని అది బయటికి పంపేస్తుంది కాబట్టి చిమ్నీకి దాని నుంచి వచ్చే సాయం సున్నా. కిటికీలన్నీ రబ్బరు గాస్కెట్ ఉన్న యూపీవీసీవి, గట్టిగా బిగుసుకుంటాయి. మరి చిమ్నీ బయటికి తోసే గాలికి బదులు ఎక్కడి నుంచి రావాలి? ఏ సందు దొరికితే ఆ సందులోంచి వస్తుంది.

చిమ్నీ హైలో పెట్టించి, అగరుబత్తి పట్టుకుని తలుపు తలుపు దగ్గరా తిరిగాను. మా పనిలో స్మోక్ పెన్సిల్ అని ఒకటి ఉంటుంది గానీ అగరుబత్తి పొగ అంతకంటే బాగా కనిపిస్తుంది, పైగా అది లేని ఇల్లు ఉండదు. కింద గెస్ట్ బాత్‌రూమ్ దగ్గర పొగ నిటారుగా లేవకుండా హాలు వైపు పడుకుంది. లోపల నహానీ ట్రాప్, అంటే డ్రైనేజీ వాసనని ఆపడానికి నీరు నిలిచే నేల గిన్నె, జాలీ ఎత్తి చూస్తే పొడిగా ఉంది. ఆ బాత్‌రూమ్ వాడేవాళ్ళు లేరు. ట్రాప్‌లో 50 మిల్లీమీటర్ల నీరు నిలిస్తే దాదాపు 490 పాస్కల్‌ల ఒత్తిడిని ఆపుతుంది, ఇంటి చిమ్నీ లాగుడు అంతకు చాలా తక్కువ. నీరు ఆవిరైపోతే మాత్రం ఆపేది ఏమీ ఉండదు, డ్రైనేజీ పైపులో గాలి నేరుగా హాల్లోకి వస్తుంది. మన ఎండాకాలంలో, పైగా ఏసీ ఇంట్లో, ఆ నీరు ఆవిరవడానికి నెలలు అక్కర్లేదు.

రెండో దారి ఏసీ డ్రెయిన్. ఈ ఇండోర్ యూనిట్‌లో ఫ్యాన్ కాయిల్ తర్వాత ఉంది, అంటే కాయిల్ కింద నీళ్ళు పడే ట్రే ఎప్పుడూ లాగుడు వైపే. అక్కడి నుంచి వచ్చే డ్రెయిన్ పైపుకి నీరు నిలిచే యూ బెండ్ పెట్టకుండా యుటిలిటీ ఏరియా డ్రైనేజీ లైన్‌లో కలిపేశారు. ఏసీ ఫ్యాన్ తిరిగినప్పుడల్లా ఆ లైన్ వాసన కొంచెం కొంచెంగా కాయిల్ గదిలోకి వస్తోంది. మనం పరిమళం కలపబోయేది సరిగ్గా ఆ గాలిలోనే.

బాగుచేయడానికి పెద్ద పనేమీ పట్టలేదు. డ్రెయిన్ పైపుకి తగినంత లోతున్న యూ బెండ్ వేసి, లైన్‌లో నేరుగా కలపకుండా ట్రాప్ పైన విడిగా కారేలా చేశాం. గెస్ట్ బాత్‌రూమ్ ట్రాప్‌లో నీళ్ళు పోసి, పైన రెండు చెంచాల వంట నూనె వేయించాను. నూనె పొర ఉంటే నీరు త్వరగా ఆవిరవదు. చిమ్నీ వేసినప్పుడు కిచెన్ కిటికీ బెత్తెడు తెరిచి ఉంచమన్నాను. ఈ చివరిది ఎవరూ పాటించరని తెలుసు, అయినా రాసిచ్చాను. డ్రైనేజీ వాసన పోయింది.

ఇక్కడితో బేరం ముగుస్తుందనుకున్నాను. ఇంటాయన “సరే, ఇప్పుడు మెషిన్ పెడదాం” అన్నారు.

గాలి దారి తిప్పడం

ఆ ఇంట్లో ఆయన తల్లిగారు, ఇద్దరు పిల్లలు ఉంటారు. చిన్నబ్బాయికి ఆస్తమా, ఇన్‌హేలర్ వాడతాడు. పరిమళం కింద హాలు దాటకూడదనే షరతు మీదే పని మొదలుపెట్టాం.

కాగితం మీద అది తేలికే. డక్ట్ కింద హాలుకి మాత్రమే ఉంది, బెడ్‌రూమ్‌లవి విడి మెషిన్‌లు. కానీ ఈఆర్‌వీ సంగతి వేరు. బిల్డర్ దాని తాజా గాలి పైపుని కింద ఏసీ రిటర్న్ ప్లీనమ్‌కి, అంటే హాలు గాలి తిరిగి ఏసీలోకి వెళ్ళే పెట్టెకి, కలిపాడు. పాత గాలి తీసుకునే గ్రిల్‌ని పైన లాంజ్ సీలింగ్‌లో, పిల్లల గది తలుపుకి ఎదురుగా పెట్టాడు. అంటే తాజా గాలి హాల్లోకి వచ్చి, మెట్ల మీదుగా పైకెక్కి, పిల్లల గది ముందు నుంచి బయటికి పోతుంది. హాల్లో ఏ వాసన వేసినా అది ఆస్తమా ఉన్న పిల్లవాడి తలుపు దాకా వెళ్ళాకే ఇల్లు వదులుతుంది. మెట్ల దగ్గర అగరుబత్తి పెడితే పొగ బద్ధకంగానే అయినా తప్పకుండా పైకే వెళ్ళింది.

ఈ కేసులో చెప్పుకోదగ్గ పని ఇదే. ఈఆర్‌వీ పైన యుటిలిటీ బాల్కనీ సీలింగ్‌లో ఉంది. ఇంటి వైపు ఉన్న రెండు డక్ట్‌లనీ ఒకదాని చోట మరొకటి మార్చాం. తాజా గాలి ఇప్పుడు పైకి వస్తుంది. లాంజ్‌లో పాత గ్రిల్ నుంచి కొంత, చిన్న బ్రాంచ్‌లు తీసి రెండు బెడ్‌రూమ్‌లలోకి కొంత. కింద ఏసీ ప్లీనమ్‌కి ఉన్న పైపుని ఊడదీసి, డైనింగ్ చివర సీలింగ్‌లో విడి గ్రిల్ పెట్టి దానికి కలిపాం, పాత గాలి అక్కడి నుంచి పోతుంది. దాంతో గాలి బెడ్‌రూమ్‌లలో మొదలై, మెట్లు దిగి, హాలు దాటి డైనింగ్ దగ్గర బయటపడుతుంది. పరిమళం ఈ వరసలో ఆఖరున కలుస్తుంది కాబట్టి పైకి ఎక్కడానికి దానికి ఎదురుగాలి.

దీనికి ఒక ఖరీదు ఉంది. మే నెలలో ఈఆర్‌వీ దాటి వచ్చే గాలి కూడా గది గాలంత చల్లగా ఉండదు, ఆ వేడి ఇదివరకు కింద 4 టన్నుల మెషిన్ మీద పడేది, ఇప్పుడు లాంజ్ క్యాసెట్ మీద పడుతోంది. లెక్క వేసి చూశాం, అది మోయగలదు.

తాజా గాలి ఎంత ఉండాలో కూడా ఇదే ఊపులో సరిచూశాం. ఇళ్ళలో తాజా గాలికి అమెరికా ఇంజనీర్ల సంఘం ఆష్రే పెట్టిన 62.2 ప్రమాణం ప్రకారం చదరపు అడుగుకి 0.03 సీఎఫ్‌ఎం, దానికి బెడ్‌రూమ్‌ల సంఖ్యకి ఒకటి కలిపి ఒక్కోదానికి 7.5. ఈ ఇంటికి 108, 37.5 కలిపి 145.5. ఈఆర్‌వీ 150 ఇస్తోంది, సరిపోయింది. కొన్ని ఇళ్ళలో వాసన త్వరగా పోతోందని ఈఆర్‌వీ ఆపేస్తారు. ఊపిరి గాలి ఆపి అత్తరు మిగుల్చుకోవడం ఏం లెక్కో నాకు అర్థం కాదు.

మెషిన్ ఎక్కడ, ఎలా

వాడినది కోల్డ్ ఎయిర్ నెబ్యులైజర్. చిన్న పంపు గాలిని సన్నటి నాజిల్ గుండా పంపితే, ఆ వేగానికి నూనె పైకి లాగబడి అతి సన్నటి తుంపరగా విడిపోతుంది. వేడి లేదు, నీరు లేదు. తుంపర సన్నటి ట్యూబ్ ద్వారా డక్ట్‌లోకి వెళ్తుంది.

అమ్మేవాళ్ళ వీడియోలో ట్యూబ్‌ని రిటర్న్ గ్రిల్ దగ్గర పెట్టి చూపించారట, నిచ్చెన ఎక్కక్కర్లేదు కాబట్టి. అలా పెడితే తుంపర ముందు ఫిల్టర్‌కి, తర్వాత తడి కాయిల్‌కి, ఆపైన ఫ్యాన్ రెక్కలకి అంటుకుంటుంది. నూనె అంటిన కాయిల్‌కి దుమ్ము పట్టినంత గట్టిగా మరి దేనికీ పట్టదు. అందుకని కాయిల్, ఫ్యాన్ రెండూ దాటాక సప్లై వైపే పెట్టాలి. సప్లై డక్ట్ మొదట్లో శబ్దం తగ్గడానికి లోపల లైనింగ్ వేస్తారు, అది నూనెని పీల్చుకుని తర్వాత నెలల తరబడి వదులుతూ ఉంటుంది. పరిమళం మార్చాలనుకున్నా పాతది పోదు. లైనింగ్ అయిపోయాక, మొదటి బ్రాంచ్ రాకముందు, తిన్నగా ఉన్న డక్ట్‌లో మధ్యకి ట్యూబ్ దించాం. గాలిలో బాగా కలిశాకే బ్రాంచ్‌లుగా విడిపోవాలి. లేకపోతే సోఫా దగ్గర ముక్కు పగిలేంత, డైనింగ్ దగ్గర శూన్యం.

హాల్లో గ్రిల్స్ ఇచ్చే గాలిని ఎనిమోమీటర్‌తో (గాలి వేగం చూపే మీటర్) కొలిచి, డక్ట్‌లో గాలిని తగ్గించే పెంచే రేకులైన వాల్యూమ్ డ్యాంపర్లతో సరిచేశాం. ఇది పరిమళం కోసం చేసిన పనే అయినా, సోఫా దగ్గర చలి, డైనింగ్ దగ్గర ఉక్క అనే పాత ఫిర్యాదు కూడా దాంతో తగ్గింది. ఒక గ్రిల్ నుంచి గాలి ఎంతొస్తుందో పరిమళమూ అదే పాళ్ళలో వస్తుంది.

ఫ్యాన్ తిరగనప్పుడు మెషిన్ నడిస్తే తుంపర కదలక డక్ట్ అడుగున నూనె మడుగవుతుంది. దానికి డక్ట్‌లో గాలి ఒత్తిడి పసిగట్టే స్విచ్ పెట్టి, గాలి ఉంటేనే మెషిన్‌కి కరెంటు అందేలా వైరింగ్ చేశాం. టైమర్ ఉందిగా చాలు అన్నారు ఇంటాయన. ఏసీ ట్రిప్ అయిన సంగతి టైమర్‌కి తెలియదు కదా.

ఎన్ని చుక్కలు

చాలామంది లెక్కే వేయని చోటు ఇది. మెషిన్ ఆగకుండా నడిస్తే కనీస సెట్టింగ్‌లో గంటకి సుమారు 1 మిల్లీలీటరు నూనె వాడుతుంది, అంటే దాదాపు 900 మిల్లీగ్రాములు. ఇంట్లోంచి గంటకి బయటికి పోయే గాలి 255 ఘనపు మీటర్లు. 900ని 255తో భాగిస్తే ఘనపు మీటరుకి 3.5 మిల్లీగ్రాములు, అంటే 3,500 మైక్రోగ్రాములు. లీడ్ గ్రీన్ బిల్డింగ్ రేటింగ్‌లో అన్ని రకాల ఆవిరి రసాయనాలూ కలిపి పెట్టుకున్న గరిష్ఠ పరిమితి 500. పైగా కొత్త ప్లైవుడ్, పాలిష్, పెయింట్ అప్పటికే ఆ ఖాతాలో కొంత వాడేసి ఉంటాయి. గోడలు, కర్టెన్లు కొంత పీల్చుకుంటాయి, తలుపు సందుల్లో కొంత పోతుంది, కాబట్టి నిజం అంకె ఇంతకంటే తక్కువే ఉంటుంది. అయినా ఏ వైపు తప్పు చేయాలో నిర్ణయించుకోవడానికి ఈ లెక్క చాలు.

పరిమళం వాటా 100 మైక్రోగ్రాములు దాటకూడదని పెట్టుకున్నాం. అలాగైతే గంటకి 0.03 మిల్లీలీటరు. టైమర్‌ని 10 సెకన్లు నడిచి 300 సెకన్లు ఆగేలా పెడితే దాదాపు అక్కడికొచ్చింది. హాలు 11,000 ఘనపు అడుగులు, ఏసీ నిమిషానికి 1,600 తిప్పుతుంది, అంటే ఏడు నిమిషాలకోసారి హాలు గాలంతా డక్ట్ చుట్టి వస్తుంది. ఐదు నిమిషాల విరామంలో ఎక్కడా వెలితి తెలియదు.

రోజుకి ఐదు గంటల చొప్పున నెలకి ఐదు మిల్లీలీటర్లు కూడా ఖర్చు కాదు. ఇంటాయన తెప్పించుకున్న సీసా 500 మిల్లీలీటర్లు. ఎనిమిదేళ్ళకి పైగా వస్తుంది! తెరిచిన నూనె అన్నాళ్ళు నిలవదు, గాలి తగిలి ఆక్సీకరణ చెందుతుంది, అలా పాడైన నిమ్మజాతి నూనెలు చర్మానికి ఎలర్జీ తెప్పిస్తాయి. ఆ సీసా వెనక్కి పంపించాను.

నూనె ఎంపికలోనూ నేను జోక్యం చేసుకున్నాను. నిమ్మ, నారింజ నూనెల్లో ఎక్కువగా ఉండే లిమోనీన్ ఓజోన్‌తో కలిస్తే ఫార్మాల్డిహైడ్, అతి సూక్ష్మ కణాలు పుడతాయి. ఈ ఇంట్లో కూరగాయలు కడిగే ఓజోన్ మెషిన్ ఉంది, డక్ట్‌లో ఒక అయనైజర్ కూడా ఉంది, అలాంటివీ కొంత ఓజోన్ వదలొచ్చు. అయనైజర్ వైరు తీసేశాం, కూరగాయల మెషిన్‌ని యుటిలిటీలోకి మార్చారు. లిమోనీన్ కొన్ని రకాల ప్లాస్టిక్‌నీ తింటుంది, మన గ్రిల్స్ కొన్ని ప్లాస్టిక్‌వే. అందుకని పూల తరహా పరిమళం తీసుకున్నాం. అందులో ఉండే లినలూల్ చాలా తక్కువ మోతాదులోనే ముక్కుకి తెలుస్తుంది. అమ్మేవాళ్ళని సేఫ్టీ డేటా షీట్ అడిగి తెప్పించాం. ఆల్కహాల్ కలిపిన చవక నూనె ఒకటి చూపించారు. ఫ్లాష్ పాయింట్ (ఆవిరి నిప్పంటుకునే ఉష్ణోగ్రత) గది ఉష్ణోగ్రత కంటే తక్కువున్న ద్రవాన్ని కరెంటు మెషిన్‌లో పోసి సీలింగ్‌లో పెట్టడం నా వల్ల కాదు.

పెద్దావిడ, సాంబ్రాణి

తల్లిగారు మొదట్నుంచీ ఈ వ్యవహారాన్ని ఓరగా చూస్తున్నారు. “చిన్నప్పుడు మా ఇంట్లో కిటికీలకి వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లేవాళ్ళు బాబూ. గాలి చల్లగానూ వచ్చేది, కమ్మగానూ వచ్చేది. కరెంటు లేదు, యంత్రం లేదు” అన్నారు.

“అదీ ఇదే పనేనమ్మా, అప్పుడు గాలి దానంతటది వచ్చేది, ఇప్పుడు మేం తోస్తున్నాం” అన్నాను. నిజానికి ఆ తడిక మా మెషిన్ కంటే మెరుగైన డిజైన్. నీరు ఆవిరయ్యేకొద్దీ గాలి చల్లబడుతుంది, వేరు నుంచి పరిమళం కొద్దికొద్దిగానే ఊరుతుంది, తడి ఆరితే అదే తగ్గిపోతుంది. మోతాదు మించే ప్రశ్నే లేదు.

ఆవిడ కోసం మెషిన్‌లో వట్టివేరు నూనె వేయమని ఇంటావిడ అడిగారు. వట్టివేరు, చందనం నూనెలు చిక్కటివి, నెమ్మదిగా ఆవిరయ్యేవి. నేరుగా పోస్తే నాజిల్ మూసుకుపోతుంది. పూల మిశ్రమంలో కొద్ది భాగంగా కలిపించాం, అప్పుడు పనిచేసింది. ఆవిడకి మాత్రం అది వట్టివేరులా అనిపించలేదు.

పొద్దున సాంబ్రాణి ధూపం మానడానికి ఆవిడ ససేమిరా ఒప్పుకోలేదు. నేను మానమనలేదు, కానీ పరిమళం కంటే ఆ పొగతోనే ఆస్తమాకి ఇబ్బంది ఎక్కువ. ధూపం వేసే వేళకి ఈఆర్‌వీ హై స్పీడ్‌లోకి వెళ్ళేలా స్విచ్ ఒకటి పూజగది బయట పెట్టాం, ఆ గంట మెషిన్ పూర్తిగా ఆగుతుంది. చిన్నబ్బాయి ఆ వేళకి స్కూల్ బస్సు ఎక్కేసి ఉంటాడు. ఆదివారాలు ధూపం వరండాలోకి మారింది.

తర్వాత

మొదటి ఫిర్యాదు ఇంటాయన నుంచే. “మెషిన్ పనిచేయట్లేదండీ, వాసనే రావట్లేదు.” ముక్కు ఒకే వాసనకి నిమిషాల్లో అలవాటు పడిపోతుంది, ఇంట్లో ఉన్నవాళ్ళకి తెలియకపోవడం మామూలే. బయట కాసేపు నడిచి వచ్చి తలుపు తెరిచి చూడమన్నాను. తెలిసింది. అయినా ఒకసారి ఆయనే సెట్టింగ్ పెంచారు, సాయంత్రానికి ఇంటావిడకి తలనొప్పి. ఆ తర్వాత కీప్యాడ్ లాక్ చేసి పిన్ ఆవిడకి ఇచ్చాను.

వర్షాకాలం సర్వీసుకి వెళ్ళినప్పుడు సప్లై డక్ట్ యాక్సెస్ డోర్ తెరిచి చూశాం. ట్యూబ్ కొన చుట్టూ రేకు మీద అరచేయంత మేర జిడ్డు మరక, అంతకు మించి లేదు. ఈఆర్‌వీ ఫిల్టర్‌కి మాత్రం పరిమళం పట్టింది. కోర్ గుండా తేమ దాటినట్టే కొన్ని వాసన అణువులూ తాజా గాలి వైపు దాటతాయి. పిల్లల గదిలో గ్రిల్ దగ్గర ముక్కు పెట్టి చూస్తే మాకు తెలియలేదు, ఇంటావిడ “ఉందేమో” అన్నారు. జాగ్రత్త కోసం 10 సెకన్లని 8కి తగ్గించాం. పిల్లవాడికి రాత్రుళ్ళు దగ్గు గానీ ఇన్‌హేలర్ వాడకం గానీ పెరిగితే ముందు మెషిన్ ఆపి, ఆ తర్వాత నాకు ఫోన్ చేయమని చెప్పాను. ఇప్పటిదాకా ఆ ఫోన్ రాలేదు.

ఒప్పందంలో రాసుకున్న సర్వీసు చిన్నదే. నెలకోసారి నాజిల్‌ని ఆల్కహాల్‌తో కడగాలి, కడిగాక పూర్తిగా ఆరనిచ్చి తిరిగి బిగించాలి. ఈఆర్‌వీ ఫిల్టర్లు మూడు నెలలకోసారి చూడాలి. గెస్ట్ బాత్‌రూమ్ ట్రాప్‌లో నీళ్ళు పోయడం పనమ్మాయి వారం పనుల్లో చేరింది. మెషిన్ ధర కంటే డక్ట్ మార్పుకే ఎక్కువ ఖర్చైందని ఇంటాయన ఇప్పటికీ అంటుంటారు. నిజమే. ఈ మధ్య మాస్టర్ బెడ్‌రూమ్‌కి కూడా ఏదైనా చేయమని అడిగారు. ఆ గది ఇప్పుడు తాజా గాలి మొదలయ్యే చోటు, అక్కడ ఏది కలిపినా లాంజ్ మీదుగా పిల్లల గది తలుపు ముందు నుంచే మెట్లు దిగాలి. కుదరదని మెయిల్ పెట్టాను.